సొమ్మసిల్లింది, కాస్త గాలి ఆడనివ్వండర్రా!

అమృతాంజనం సీసా మూత తీస్తే చాలు, చావు జరిగిన ఇంటి వసారా కళ్లముందుకొస్తుంది. ఆ పసుపురంగు మందు ఘాటుకి చితక్కొట్టిన ఉల్లిపాయ వాసన తోడయ్యేది. ఆ వెనకే ఆడవాళ్ల కేకలు. "వదినకి కళ్లు తిరిగాయి, పడుకోబెట్టండి." "సొమ్మసిల్లింది, గాలి ఆడనివ్వండర్రా, మీదమీద పడకండి." "మొహాన నీళ్లు చల్లు, నోట్లో పొయ్యకు."

ఈమధ్య ఒక పరామర్శకు వెళ్తే అదే ఘాటు మళ్లీ ముక్కుకు తగిలింది. మాటలు మాత్రం వేరే వినిపించాయి. "ఆంటీ షాక్‌లో ఉన్నారు." "అంకుల్ పూర్తిగా బ్రేక్‌డౌన్ అయిపోయారు." అంతవరకే. పడిపోయారా, ఏడ్చారా, మాట వస్తోందా, ఏమీ తెలియలేదు. మా చిన్నప్పుడైతే వీధి గుమ్మంలో చెవిన పడ్డ ఒక్క మాటతోనే లోపల ఎవరికి ఏమైందో, మనం చెంబు తేవాలో చాప తేవాలో తెలిసిపోయేది.

1893లో బొంబాయిలో ఆ మందు తయారీ మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1908లో ఆంధ్రపత్రికనూ స్థాపించారు. నా జ్ఞాపకాల్లోనూ ఆ మందూ పత్రికా కలిసే ఉంటాయి. మనిషి కూలిపోవడం గురించిన మాటలు సగం ఆ వసారాల్లో చెవిన పడ్డాయి, సగం నేను పనిచేసిన పత్రిక డెస్కులో చేతికొచ్చాయి.

*

"పడిపోయింది" అని ఊరుకునేవారు కాదు పెద్దవాళ్లు. ఎలా పడిందో చెప్పేవారు.

"కుప్పకూలింది" అంటే నిలబడ్డచోటే మోకాళ్లు మడతపడి కిందికి దిగిపోయిందని. వానకు నానిన మట్టిగోడ పడే తీరు అది. పక్కకు ఒరగదు, ఉన్నచోటే కుప్పవుతుంది. ఇలా పడ్డ మనిషికి దెబ్బలు తక్కువ. ముందు మోకాళ్లు, ఆ తర్వాత తుంటి, భుజం నేలకు తగిలి, ఆఖరున తల ఆనుతుంది. "వెల్లకిలా విరుచుకు పడిపోయింది" అంటే మాత్రం అందరూ పరిగెత్తేవారు. ఒళ్లు బిగుసుకుని, మోకాలు వంగకుండా వెనక్కి పడ్డ మనిషికి మొదట తగిలేది తలే. చూసినవాళ్లు ముందు తల వెనక చెయ్యి పెట్టి నెత్తురు అంటిందేమో చూసేవారు. "విరుచుకుపడటం" ఇప్పుడు ఒకరి మీదికి దాడికి వెళ్లడం అన్న అర్థంలోనే ఎక్కువగా వినిపిస్తోంది.

"కూలబడింది" అంటే తెలివి ఉంది, కాళ్లలో సత్తువే లేదు. గోడో స్తంభమో పట్టుకుని జారి కూర్చుండిపోయింది. చతికిలబడటమూ కూర్చోవడమే, కానీ అందులో లేవాలన్న ప్రయత్నం మానేయడం ఉంది. అందుకే పంట పోయిన రైతుకీ, పరీక్ష తప్పిన కుర్రాడికీ, ఓడిన జట్టుకీ ఆ మాట అతుకుతుంది. "సోలిపోయింది" అన్నది ఉపవాసాలున్న వాళ్లకీ, రోగి మంచం పక్కన రాత్రుళ్లు మేలుకున్న వాళ్లకీ. ఒక్కసారిగా కాక మెల్లగా, మత్తుగా ఒరిగిపోవడం.

ఇక అసలు పడకపోవడం ఒకటుంది. "కొయ్యబారిపోయింది", "మ్రాన్పడిపోయింది". మ్రాను అంటే చెట్టు. మనిషి నిలబడే ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకదు. పడిపోయినదాని కంటే ఇలా నిలబడిపోయినదాన్ని చూసే ముసలమ్మలు ఎక్కువ భయపడేవారు. వాళ్ల భయం ఎందుకో తర్వాత చెప్తాను.

పడబోయే ముందు క్షణాలకూ వరసగా మాటలున్నాయి. ముచ్చెమటలు పోశాయి, ఒళ్లు చల్లబడింది, చెవుల్లో హోరు పెట్టింది, కళ్లు బైర్లు కమ్మాయి, ఆ తర్వాత తెలివి తప్పింది. చాలాసార్లు నిజంగానే ఇంచుమించు ఈ వరసలోనే జరుగుతుంది. భయమో దుఃఖమో ఒక్కసారిగా తగిలినప్పుడు గుండె వేగం పడిపోతుంది, కాళ్లలోని రక్తనాళాలు వదులై రక్తం కిందే నిలిచిపోతుంది, మెదడుకు అందాల్సింది అందదు. చూపు మసకబారడం, చెవుల హోరు అందుకే. అందుకే "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి" అన్న మనిషిని అక్కడికక్కడే పడుకోబెట్టాలి. కుర్చీలో కూర్చోబెట్టి పట్టుకుంటే తెలివి రావడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఒళ్లు చిన్నగా కొట్టుకుంటుంది కూడా. అది చూసి ఫిట్స్ అనుకుని కంగారుపడతారు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండ్లు పెట్టి కాస్త ఎత్తు చేసి, జాకెట్టో కాలరో వదులు చేస్తే సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకున్న వెంటనే లేపి నిలబెడితే మళ్లీ పడతారు. పదినిమిషాలైనా పడుకోనివ్వాలి. నీళ్లు పూర్తిగా తెలివొచ్చాకే, అదీ గ్లాసు వాళ్ల చేతికిచ్చి తాగనివ్వాలి. తెలివిలేని నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. "నోట్లో పొయ్యకు" అని అరిచిన ఆ పెద్దమ్మలకు ఈ సంగతి బాగా తెలుసు.

*

బళ్లో గజేంద్ర మోక్షం పద్యాలు బట్టీ పెట్టించేవారు. "లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్." పోతన ఇక్కడ ఒక ప్రాణి కూలిపోయే క్రమాన్ని మెట్టు మెట్టుగా చెప్పాడు. ముందు బలం పోయింది, తర్వాత ధైర్యం చెదిరింది, ప్రాణాలు తమ చోట్లు వదిలి కదిలాయి, అప్పుడు మూర్ఛ. పద్యం తెలియని ఆడవాళ్లు కూడా "ప్రాణాలు ఠావులు తప్పాయమ్మా" అనేవారు. ఆ మాట పద్యంలోంచి ఇళ్లలోకి వచ్చిందో, ఇళ్లలో ఉన్నదే పద్యంలోకి ఎక్కిందో గానీ రెండుచోట్లా ఒకేలా జీవంతో ఉండేది.

ఇక్కడ మూర్ఛ అంటే సొమ్మసిల్లడమే. పాత కావ్యాల్లో రాజులూ రాణులూ మూర్ఛపోయి, శైత్యోపచారాలతో తేరుకునేది ఈ అర్థంలోనే. ఇప్పుడు "మూర్ఛ" అనగానే ఫిట్స్ వ్యాధి గుర్తొస్తుంది. ఆయుర్వేదంలో ఫిట్స్ వ్యాధికి పేరు అపస్మారం. ఆ అపస్మారమేమో పత్రికల్లో "అపస్మారక స్థితి" అయి, కేవలం తెలివి లేకపోవడానికి స్థిరపడింది. అంటే రెండు మాటలూ ఒకదాని చోటు ఒకటి ఆక్రమించాయి. దీనివల్ల జరిగే నష్టం ఆసుపత్రిలో కనిపిస్తుంది. "మూర్ఛ వచ్చిందండీ" అని బంధువులు చెప్తే, డాక్టరు ఏ మూర్ఛో తేల్చుకోవడానికే పది ప్రశ్నలు వేయాలి. ఒళ్లు బిగుసుకుందా, వదులుగా పడిందా? కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా, ఎంతసేపు? నాలుక కొరుక్కుందా? పక్క తడిసిందా? తెలివొచ్చాక మనుషుల్ని వెంటనే గుర్తుపట్టిందా, మబ్బుగా ఉందా? సొమ్మసిల్లిన మనిషి లేవగానే "ఏమైంది నాకు" అని అడుగుతుంది. ఫిట్స్ వచ్చిన మనిషి చాలాసేపు అయోమయంగా ఉంటుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మా చిన్నప్పుడు ప్రతి వీధిలో చూసిందే. ఎవరికైనా వచ్చిందంటే నలుగురూ నడుముకున్న గుత్తులు లాగేవారు. ఇనుముకి ఏ మహిమా లేదు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. గుత్తి వెతికి, తెచ్చి, బిగిసిన వేళ్లు విప్పి పెట్టేసరికి ఆ సమయం అయిపోతుంది, పేరు ఇనుముకొస్తుంది. గుత్తితో పెద్ద హాని లేదు గానీ, పళ్ల మధ్య చెంచా దూర్చడంతోనే ప్రమాదం. పళ్లు విరుగుతాయి, విరిగిన ముక్క గొంతులో పడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూస్తూ ఉండాలి. 5 నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా రెండోసారి వచ్చినా ఆసుపత్రికే. 2005లో 108 వచ్చాక ఈ పని చాలా ఊళ్లకు సులువైంది.

పడినదాన్ని చూసి "నాటకాలు" అనేవాళ్లూ ఉండేవారు. ముఖ్యంగా కొత్త కోడళ్ల విషయంలో. అత్తారింట్లో నోరెత్తలేని పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లు విరుచుకుంటూ కొట్టుకుంటే ఒకరు గాలి సోకిందనేవారు, ఇంకొకరు దొంగవేషాలనేవారు. రెండూ తప్పే. మెదడులో విద్యుత్తు చెదరకుండానే, మనసులోని ఒత్తిడితో అలాంటి ఫిట్స్ వస్తాయి. కళ్లు మూసి ఉండటం దానికి ఒక గుర్తు. మామూలు ఫిట్స్‌లో కళ్లు చాలావరకు తెరిచే ఉంటాయి. ఆ పిల్ల కావాలని చేసేది అందులో ఏమీ ఉండదు. వైద్యం ఉంది, తగ్గుతుంది. ఆ రోజుల్లో వేపమండలతో కొట్టించుకున్న పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

*

రాత్రిపూట సైకిలు గంట, ఆ తర్వాత "టెలిగ్రాం" అన్న కేక. వీధిలో దీపాలు ఒక్కొక్కటే వెలిగేవి. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు వచ్చి కాగితం విప్పేదాకా ఇంటివాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. మనిషి పోయినా కూడా టెలిగ్రాంలో చాలాసార్లు "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అనే ఉండేది. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు, అయినా పైకి అనేవారు కాదు. దారిలో ఆ మనిషి బతికి ఉండాలి కదా. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయేనాటికే ఆ పద్ధతి ఇళ్లలోంచి వెళ్లిపోయింది.

చెడ్డకబురు చెప్పడానికి ఒక క్రమం ఉండేది. ఎవరూ నేర్పింది కాదు, చూసి నేర్చుకున్నది. కబురు చెప్పే మనిషి ముందు వంటింట్లోకి తొంగిచూసి పొయ్యి మీద ఏముందో చూసేవారు. నూనె కాగుతుంటే దింపించేవారు. చంకలో బిడ్డ ఉంటే "ఏదీ, మా బంగారం" అంటూ ముందు ఆ బిడ్డని అందుకునేవారు. నూతి పళ్లెం దగ్గరో మెట్ల మీదో ఉంటే "ఇలా లోపలికి రామ్మా" అని పిలిచి, గోడకు ఆనుకునేలా చాప మీద కూర్చోబెట్టేవారు. వెనక ఒకరు చేరేవారు. అప్పుడు మంచినీళ్లు. "ముందు తాగు, చెప్తాను." ఆ తర్వాతే కబురు, అదీ మూడు ముక్కలుగా. ఒంట్లో బాగాలేదట. కాస్త ఎక్కువగానే ఉందట. మనం బయల్దేరాలట. చివరి మాట ఊళ్లోకి వెళ్లాక, ఇంటిముందు జనాన్ని చూశాక తనకే తెలిసేది.

ఈ క్రమంలో తప్పు జరిగేది చిన్నపిల్లల వల్లే. పెద్దవాళ్ల గుసగుసలు విని పరిగెత్తుకొచ్చి "పిన్నీ, తాతయ్య చచ్చిపోయాడంట" అనేసేవాళ్లు. అందుకే కబురు రాగానే పిల్లల్ని పక్కింటికి తోలేవారు. ఇప్పుడు వైద్యులు చివరి ముక్క దాచొద్దంటారు, పోయారన్న మాట స్పష్టంగా చెప్పమంటారు, లేకపోతే మనసు ఆశలోనే ఇరుక్కుంటుందని. అది నిజమే. కానీ కూర్చోబెట్టడం, బిడ్డని అందుకోవడం, వెనక మనిషి ఉండటం, వీటికి కాలదోషం లేదు. బండి నడుపుతున్న మనిషి జేబులో వాట్సాప్ మోగి, తండ్రి ఫొటోకి పూలదండ వేసి కనిపించడం కంటే ఆ పాత పద్ధతే నాకు దయగా అనిపిస్తుంది.

*

ఏడుపు మాటల దగ్గరకొస్తే తెలుగు చాలా సంపన్నమైన భాష. వెక్కివెక్కి ఏడవడంలో ఊపిరి తెగి తెగి వస్తుంది. గుక్కపట్టడంలో ఊపిరి లోపలే ఆగిపోతుంది. పసిపిల్లలు గుక్కపడితే పెదాలు నీలంగా మారేవి, తల్లులు మొహాన ఊదేవారు. వలవలా ఏడ్చేటప్పుడు గొంతు వినపడదు, కన్నీళ్లే కారతాయి. కుమిలిపోవడంలో అవీ కనపడవు. భోరుమనడం ఒకరి గొంతు, గొల్లుమనడం పదిమందిది. "ఇల్లంతా గొల్లుమంది" అంటాం గానీ ఒంటరి మనిషి గొల్లుమన్నదని అనం. శవాన్ని లేపేటప్పుడు వినపడేది ఆ గొల్లుమనడమే. "బావురుమంది" అంటే అప్పటిదాకా ఆపుకున్నది ఒక్కసారిగా తెగడం. మనుషులు వెళ్లిపోయాక ఖాళీ ఇంటికి కూడా ఇదే మాట. "ఇల్లు బావురుమంటోంది" అంటాం.

తెలంగాణలో "శోకాలు పెట్టి ఏడ్చుడు" అంటారు, కోస్తాలో "రాగాలు తీసి ఏడవడం". పోయినవాళ్ల మంచి గుణాలూ, తిన్న తిండీ, చేసిన చాకిరీ, చెప్పకుండా వెళ్లిపోయిన అన్యాయం, అన్నీ ఆ రాగంలో వచ్చేవి. ఒక వరస అయిపోయి అందరూ మూగగా కూర్చున్నాక, పొరుగూరి బస్సు దిగిన ఆడపడుచు వీధి మొదట్లోనే రాగం ఎత్తుకునేది. లోపల ఉన్నవాళ్లు లేచి ఎదురెళ్లి మెడ మీద పడేవారు. మళ్లీ ఒక వరస. ప్రతి కొత్త మనిషితోనూ దుఃఖం కాస్త బయటికి పోయేది. వచ్చినవాళ్లు ఏడవకపోతే తప్పుపట్టేవారని, అదంతా మొక్కుబడి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. పక్కన కూర్చుని విన్న ఎవరికైనా అందులో కొత్తగా పుట్టుకొచ్చే మాటలు తెలుస్తాయి.

కొయ్యబారిన మనిషి దగ్గర ముసలమ్మలు పడే పాటు నాకు బాగా గుర్తు. మా వీధిలో ఒకావిడ భర్త పొలంలో పాము కరిచి పోయాడు. తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడిపోయింది. చేతిలో పాల గిన్నె. కళ్లు ఆయన కాళ్ల వైపు ఉన్నాయి, చూపు లేదు. ఎవరో గిన్నె తీసుకోబోతే వేళ్లు విడవలేదు. "పాలు తోడెయ్యాలి" అంది, మామూలు గొంతుతో. ఆ మాటతో చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు, ఆవిడ మాత్రం ఏడవలేదు. అప్పుడొక ముసలమ్మ వచ్చి, గిన్నె జోలికి పోకుండా, ఆవిడ గడ్డం పట్టుకుని మొహం మెల్లగా ఇటు తిప్పుకుంది. "ఏడవ్వే తల్లీ, లోపల పెట్టుకోకు, గుండె పగిలిపోద్ది" అంటూ ఆయన తలగుడ్డ తెచ్చి భుజం మీద వేసింది. మట్టీ చెమటా కలిసిన వాసన. ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి, గిన్నె దొర్లింది, అప్పుడు బావురుమంది.

ఇప్పటి మానసిక వైద్యులు ఏడవమని బలవంతపెట్టవద్దంటారు. ఏడవకపోయినంత మాత్రాన లోపల ఏదో పగులుతుందని కాదు, కొందరి దుఃఖం అలాగే ఉంటుంది. పక్కన కూర్చోవడం, పేరుపెట్టి పిలవడం, నీళ్లూ దుప్పటీ అందించడం, ఇప్పుడు ఎక్కడున్నారో నెమ్మదిగా చెప్పడం చాలంటారు. ఆ ముసలమ్మ చేసిన పనిలో సగం ఇదే. గిన్నె లాక్కోకపోవడం ఆ పనిలోకెల్లా గొప్పది.

*

డెస్కులో పని మొదలయ్యేది సాయంత్రం బస్సు వచ్చాక. ఊళ్లలోని విలేకరులు వార్తలు చేత్తో రాసి, కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సులో పంపేవారు. బస్‌స్టాండుకి మనిషి వెళ్లి తెచ్చేవాడు. కవరు చింపగానే పొలం మట్టి అంటిన కాగితాలు, ఒక్కో జిల్లా నుంచి ఒక్కో తెలుగు. కరీంనగర్ కాగితంలో "కొడుకు సావు కబురు ఇని సోయి తప్పి పడ్డది" అని ఉండేది. గుంటూరు నుంచి "గుండెల్లో రాయి పడ్డట్టయి కూలబడిపోయింది". ఒక తెలంగాణ విలేకరి పంట నష్టం వార్తలో "రైతు ఆగమైండు" అని రాసేవాడు. ఆ ఒక్క మాటలో అప్పు, అవమానం, దారీతెన్నూ లేకపోవడం అన్నీ ఉన్నాయి.

పేజీకి ఒక భాషే ఉండాలన్నది నియమం. "సోయి తప్పింది" కాస్తా "స్పృహ కోల్పోయింది" అయ్యేది. "ఆగమైండు" అన్నది "తీవ్ర మనస్తాపానికి గురయ్యాడు" అయ్యేది. ఒక కాలమ్ వార్తకు పది పన్నెండు లైన్లు మించి చోటు ఉండదు కాబట్టి అచ్చుపోసిన వాక్యాలు సిద్ధంగా ఉండేవి. కన్నీరుమున్నీరయ్యారు. గుండెలవిసేలా రోదించారు. రోదనలు మిన్నంటాయి. గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి. మొదట ఎవరు రాశారో గానీ, రాసిన రోజున ఇవన్నీ మంచి వాక్యాలే. గుండె అవియడం అంటే ఎంత మాట! రోజూ వాడి వాడి అరగదీయడంతో చదివేవారి కళ్లు వాటి మీద నిలవడం మానేశాయి.

డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు. ఇలాంటి వాక్యం కనిపిస్తే ఎర్రసిరాతో గీత గీసి, "ఎవరు చూశారు?" అని పక్కన రాసేవారు. ఆయన లెక్క ఇలా ఉండేది. మనిషి మళ్లీ తేరుకుంటేనే "సొమ్మసిల్లారు". ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా తెలివి రాకపోతే "స్పృహ కోల్పోయారు". నిలబడ్డచోట పడి, ఇక లేవకపోతేనే "కుప్పకూలారు". "గుండెపోటుతో" అని రాయాలంటే డాక్టరు చెప్పి ఉండాలి, లేకపోతే "ఉన్నట్టుండి" అంటే సరిపోతుంది. ఈ లెక్కలో ఒక వైద్యుడి జాగ్రత్త ఉందని నాకు తర్వాత తెలిసింది. గుండెపోటులో రక్తం గడ్డ దారి మూసేస్తుంది, నొప్పితో మనిషి గంటలకొద్దీ తెలివిలోనే ఉండొచ్చు. మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి ఆడకపోతే అది గుండె ఆగిపోవడం. అప్పుడు ఉల్లిపాయలతో పనిలేదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు ఛాతీ నడిమధ్య రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ఆపకుండా.

తర్వాత తర్వాత షేర్లు కుప్పకూలడం మొదలైంది, వికెట్లు కుప్పకూలాయి, ప్రభుత్వాలూ కుప్పకూలాయి. మనిషి పడినప్పుడు ఆ మాట బరువు ఇప్పుడు సగమే.

*

గుండె మాటలు వింటుంటే ఒక కాలక్రమం వినిపిస్తుంది. కబురు చెవినపడ్డ క్షణంలో గుండె గుభేలుమంటుంది. నిజమని తెలిశాక జారిపోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక చెరువవుతుంది. నెలల తర్వాత బరువుగా మాత్రమే ఉంటుంది. పిల్లల్ని పెంచాలి కాబట్టి ఒక రోజు గుండె రాయి చేసుకోవాల్సి వస్తుంది.

"కొడుకు పోయిన దిగులుతో గుండె పగిలి పోయింది" అని ముసలమ్మలు ఎవరి గురించో చెప్పుకుంటే అది మాటవరసకే అనుకునేవాళ్లం. 1990లో జపాన్ వైద్యులు ఒక జబ్బును వర్ణించారు. దారుణమైన కబురు విన్నాక గుండె ఎడమ గది కింది భాగం ఒక్కసారిగా చచ్చుబడి బుడగలా ఉబ్బుతుంది. ఆ ఆకారం ఆక్టోపస్‌ని పట్టే కుండలా ఉండటంతో "టకోట్సుబో" అని పేరు పెట్టారు. దీని బారిన పడేవారిలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే, అందులోనూ ముట్లుడిగిన వయసువాళ్లు ఎక్కువ. ఛాతీ నొప్పి, ఆయాసం, ఈసీజీలో మార్పులు, అన్నీ గుండెపోటులాగే ఉంటాయి. రక్తనాళాల్లో మాత్రం ఆ నొప్పికి కారణమైన అడ్డంకి దొరకదు. చాలామందికి కొన్ని వారాల్లో గుండె మామూలవుతుంది, కొద్దిమందికి ప్రాణం మీదికొస్తుంది. పైకి చూసి తేడా తేల్చడం ఎవరి తరమూ కాదు. కాబట్టి చావు ఇంట్లో ఒక పెద్దావిడ "గుండెల్లో పట్టేసినట్టుంది" అంటే ఏడుపు వల్లలే అనుకోకుండా ఈసీజీ తీయించాల్సిందే.

*

ఒక్కసారిగా కూలడం కాక, లోపల్నుంచి కొంచెం కొంచెంగా కుంగడానికి వేరే మాటలున్నాయి. కోస్తా వైపు బెంగ, దిగులు, మనేద. తెలంగాణ వైపు రంది. "రందితోని మంచం పట్టిండు" అంటారు. తల్లిని విడిచి ఉన్న పసిపిల్లలకు బెంగజ్వరం వచ్చేది, చీకట్లో భయపడితే దడుపు జ్వరం. పెద్దవాళ్ల బెంగకు గుర్తులు ఆడవాళ్లే ముందు కనిపెట్టేవారు. కంచంలో అన్నం కెలికి లేస్తోంది, తెల్లవారకముందే మెలకువొచ్చి దూలాలు లెక్కపెడుతోంది, తల దువ్వుకోవడం లేదు, పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదు. ఇప్పుడు వైద్యులు డిప్రెషన్‌కి చూసే గుర్తుల్లో చాలావరకు ఇవే. ఇలా రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉంటే వైద్యం కావాలంటారు. "నెర్వస్ బ్రేక్‌డౌన్" అన్నది ఏ వైద్య గ్రంథంలోనూ జబ్బు పేరు కాదు. దానికంటే "మనేద పెట్టుకుంది, నెల్లాళ్లుగా సరిగ్గా తినడం లేదు" అని చెప్తే డాక్టరుకి ఎక్కువ తెలుస్తుంది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఎవరి నోటైనా వస్తే మాత్రం రెండు వారాల లెక్క చూడకూడదు, ఆ రోజే చెయ్యాలి.

అప్పట్లో చావు ఇళ్లలో కర్మకాండ అయ్యేదాకా మనిషిని ఒంటరిగా వదిలేవారు కాదు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలగదు కాబట్టి క్యారేజీలు బయటినుంచి వచ్చేవి. రాత్రుళ్లు ఆడవాళ్లు వంతులవారీగా పక్కన పడుకునేవారు. అన్నం కలిపి ముద్దలు చేసి నోటికి అందించేవారు. పొద్దున్నే "రాత్రి కాస్త కన్నంటుకుందా?" అనేదే మొదటి పలకరింపు. కోలుకోవడానికి మన భాషలో ఉన్న వరస ఆ రోజుల్లోనే వినపడేది. తెలివి తప్పిన మనిషి కళ్లు తెరిస్తే తెప్పరిల్లింది. లేచి కూర్చుని నాలుగు మాటలంటే తేరుకుంది. రాత్రి నిద్రపట్టి, తిండి సయిస్తే కుదుటపడింది. మళ్లీ పనిలో దిగితే కోలుకుంది. అప్పులూ పిల్లలూ చూసుకుని నిలబడితే నిలదొక్కుకుంది. పదోరోజున "తేరుకుంది" అనేవారు గానీ "కోలుకుంది" అని ఎవరూ అనేవారు కాదు. అంత తొందరపెట్టకూడదని వాళ్లకు తెలుసు.

1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి నాగలి భాగాల నుంచి కళ్లం పనుల దాకా సేద్యపు మాటల్ని జిల్లాలవారీగా ఏరి పెట్టింది. దుఃఖపు మాటల్ని కూడా అంత శ్రద్ధగా ఏరాలని నా కోరిక. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే అడిగి రాసుకోండి. ఒంటి మాటగా కాక, వాక్యంగా రాసుకోవాలి. "సోయి తప్పింది" అని ఒక్కటే రాస్తే అందులోంచి సగం జారిపోతుంది. ఎవరికి, ఏ కబురు విన్నాక, నిలబడి పడిందా కూర్చుని ఒరిగిందా, ఎంతసేపటికి కళ్లు తెరిచింది, తెరిచి మొదట ఏమంది, పక్కనున్నవాళ్లు ఏం చేశారు, చెప్పినవాళ్లది ఏ మండలం. ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేస్తే మరీ మంచిది, ఎందుకంటే గుభేలు, ఝల్లు, గొల్లు లాంటి మాటల్లో సగం అర్థం వాళ్లు పలికే తీరులోనే ఉంది. ఒకే ఒక్క జాగ్రత్త. వాళ్ల సొంత దుఃఖం గురించి మొదటే అడగకండి. పక్కింటివాళ్లకో, ఊళ్లోవాళ్లకో జరిగింది అడిగితే వాళ్ల సంగతి వాళ్లకే గుర్తొచ్చి చెప్తారు. చెప్పలేక ఆగితే రికార్డు ఆపి మంచినీళ్లివ్వండి.